చౌడేశ్వరి వంతు

కుళాయిలో నీళ్లు రావడం లేదు, అయినా చౌడేశ్వరి చేతులు కడుక్కుంటూనే ఉంది. మా హాస్టల్ మెస్సు బయట, పళ్లేలు కడుక్కునే తొట్టి దగ్గరే నిలబడి ఉన్నాం, కానీ మెస్సు గోడ ఉండాల్సిన చోట తాడిపత్రి బస్టాండు ఉంది, బస్సుల హారన్లు వినపడుతున్నాయి, ఎవరో శనక్కాయలు వేయిస్తున్న వాసన వస్తోంది, నాకు అదేమీ వింతగా అనిపించడం లేదు. నాకు ఒళ్లు మండుతోంది, అంతే. రెండేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న మనిషి, నాతోపాటు ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతూ మధ్యలో చచ్చిపోయిన మనిషి, నెల దాటాక ఎదురుపడి, ఎట్లున్నావని అడగాల్సింది పోయి, ఎండిపోయిన కుళాయి కింద చేతులు పెట్టి రుద్దుకుంటోంది.

"నీళ్లు రావడంలేదు మే, కనపడ్లేదా?" అంటాను.

"వస్తాయిలే, వదుల్తారు," అంటుంది నా వైపు చూడకుండా. ఆమె ఎప్పుడూ అంతే, రాని నీళ్లకు కూడా భరోసా ఇచ్చే రకం.

"చేతులకేమైంది?"

"పెన్ను కారింది సుంకూ. మరక పోవడంలే."

సుంకులమ్మ అనే నా పేరును సుంకూ అని పిలిచేది ఈ లోకంలో ఆమె ఒక్కతే, ఆ పిలుపు వినగానే మెత్తబడతానని ఆమెకు తెలుసు, అందుకే నేను ఇంకా గట్టిగా అడుగుతాను. "నాకు చెప్పాల్సిన సగం చెప్పలేదు నువ్వు. ఎప్పుడు చెప్తావు?"

మేమిద్దరం కలిసి ఒకటే పుస్తకం కొన్నాం. మంత్రగత్తెలు ముగ్గురు దారికాచి ఒక సేనాపతితో నువ్వు రాజువవుతావని చెప్తే, వాడు ఆ మాట పట్టుకుని, తన ఇంటికి చుట్టంగా వచ్చిన రాజును నిద్రలోనే పొడిచి చంపుతాడే, ఆ ఇంగ్లీషు విషాద నాటకం. పరీక్షలు ముంచుకొచ్చేసరికి మా హాస్టల్లో అందరూ చేసే పనే మేమూ చేశాం, బైండింగు విప్పి పుస్తకాన్ని నడిమికి చీల్చి, ముందు సగం నేను, వెనక సగం ఆమె తీసుకున్నాం, ఎవరి సగం వాళ్లు చదివి రెండోవాళ్లకు కథలాగా చెప్పాలని ఒప్పందం. నా సగం నేను చెప్పాను. ఆమె మంచం మీద బాసింపట్టు వేసుకుని శనక్కాయలు నములుతూ, నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన ప్రతిసారీ "ఇంగ?" అని తొందరపెడుతూ విన్నది. తన వంతు వచ్చేసరికి చచ్చిపోయింది.

ఇంతకంటే అన్యాయం ఉంటుందా, మీరే చెప్పండి.

నేను అరుస్తూనే ఉన్నాను, ఆమె నడుస్తూనే ఉంది, ఎప్పుడు లోపలికి వచ్చామో తెలియదు గాని ఇప్పుడు మెస్సులో పొడుగు బల్ల దగ్గర ఉన్నాం, అమ్మాయిలందరూ తలలు వంచుకుని తింటున్నారు, ఒక్కరి ముఖమూ తెలియడం లేదు, చౌడేశ్వరి వెళ్లి సరిగ్గా నా చోట్లో కూర్చుంటుంది. నేను నిలబడే ఉన్నాను.

"లెయ్ మే. అది నా చోటు."

"నాటకంలోనూ ఇంతే కదా," అని నవ్వుతుంది.

అది నిజమే. నా సగం సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. రాజైన ఆ సేనాపతి చంపించిన స్నేహితుడు దయ్యమై విందుకు వచ్చి రాజు కుర్చీలోనే కూర్చుంటాడు, రాజుకు తప్ప ఎవరికీ కనపడడు, ఒక్క మాటా మాట్లాడడు. ఆఖరికి ఆ రాజు చస్తాడని ఎవరికైనా తెలుసు, ఎట్లా చస్తాడో గైడు తెరిస్తే అర పేజీలో ఉంటుంది. నాకు గైడు అక్కర్లేదు. పక్క గది వాళ్లు ఆ ప్రశ్నలు చదువుకుంటుంటే చెవులు మూసుకుని తిరుగుతున్నాను. ఎల్లుండే పరీక్ష, నేను రాయడం లేదని అందరికీ చెప్పేశాను, చెప్తానని మాటిచ్చిన మనిషి చెప్పకుండా పోతే సగం కథతో నేనేం రాయాలి.

"ఆ నాటకంలో కుర్చీలో కూర్చున్న ఆయప్ప నోరు విప్పడు," అంటాను. "నువ్వు విప్పుతావు. విప్పకపోతే నిన్ను ఈడ్నుంచి కదలనీను."

"చెప్తా మే, అరవాకు. రాజు తప్పు తెలుసుకుని కాశీకి పోతాడు."

"కాశీ యాడుంది మే ఆ దేశంలో?"

"అయితే రాణి అందరికీ ఉగ్గాని చేసి పెడ్తాది. తిని ఎవరిండ్లకు వాళ్లు పోతారు."

ఇంకోరోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను, ఎగతాళికి కూడా ఒక సమయం ఉంటుంది కదా. అప్పుడు చూశాను, ఆమె నుదురు బోసిగా ఉంది. చౌడేశ్వరి మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు లేకుండా బాత్రూమ్‌కు కూడా పోయే మనిషి కాదు, పడుకునే ముందు మాత్రం తీసి ఎక్కడంటే అక్కడ అంటించేది, అద్దానికి, మంచం కోడుకు, చదువుతున్న పేజీకి, ఒకసారి నిద్రపోతున్న నా బుగ్గకు.

"బొట్టేది మే?"

"పెట్టుకున్యా కదా." నుదురు తడుముకుంటుంది. "యాడో పెట్టినా సుంకూ. యాడ పెట్టినానో."

ఆ వెతుకులాటలో లేచి నడుస్తుంది, నేను వెంటబడతాను, బల్లలు బస్సు సీట్లయిపోతాయి, మేము దిగేసరికి మళ్లీ అదే బస్టాండు. ఎరుక చెప్పే ఆమె బుట్ట ముందు పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మేమిద్దరం నిజంగా ఈ బస్టాండులో బస్సు కోసం ఆగిన ఆరోజు ఒక్కామే ఉండింది, ఇప్పుడు ముగ్గురున్నారు, ముగ్గురిదీ అదే చీర, అదే నోరు. నేను ఆరోజు చెయ్యి ఇవ్వలేదు. చౌడేశ్వరి బస్సు పోతున్నా పట్టించుకోకుండా గొంతుక్కూర్చుని చెయ్యి చాపింది.

"మెడలో దండ పడతాది తల్లీ," అంటారు ముగ్గురూ ఒక్కసారే. "ఊరూరంతా నీ ఎనకాల నడుస్తాది. నీకే భయమూ లేదు, పో."

చౌడేశ్వరి ముఖం వెలిగిపోతోంది, ఆరోజు లాగానే. దండ అంటే యూనివర్సిటీ బంగారు పతకమేనని, వాళ్ల ఊళ్లో ఊరేగింపు చేస్తారని, బస్సెక్కాక దారి పొడుగునా నా బుర్ర తినేసింది. ఇంకేం, ఆ రోజు నుంచి తిండి లేదు, నిద్ర లేదు, నీకు మెడల్ రాకపోతే ఎవరికొస్తుందే అని నేను కూడా అంటూనే ఉన్నాను, ఆశ పడితే తప్పేముందిలే అనుకున్నాను. దండ పడింది. బంతిపూల దండ, చాలా పెద్దది. ఊరంతా నడిచింది. నేను కూడా వాళ్లలో కలిసి, ఎండకు కాలిన మట్టిలో చెప్పులు లేకుండా నడిచాను.

ఆ ముగ్గురి మీదికి చెయ్యెత్తి పోతాను, చౌడేశ్వరి అడ్డం వస్తుంది.

"ఆయమ్మను ఏంటికి అంటావు? పొట్టకూటికి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటాది. ఆయమ్మ జ్వరం తెచ్చిందా?"

"తేలేదు. జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాకని కూడా చెప్పలేదు. మరి నువ్వేంటికి పోలేదు?"

ఆమె ముఖం తిప్పుకుని బస్సుల వైపు చూస్తుంది.

"టెస్టుకు పోయినా, ఏం లేదన్నారు అని నా మొగం మీద చెప్పినావు కదా. ఆ పొద్దు యాడికి పోయినావు?"

బస్టాండులో జనం పలచబడతారు, స్తంభాలు పుస్తకాల అరలైపోతాయి, పైన ఫ్యాను కిర్రుమంటోంది, మేము లైబ్రరీలో కిటికీ పక్క కూర్చుని ఉన్నాం, నిజంగా ఇక్కడికే తీసుకొచ్చింది నన్ను, నోటితో చెప్పలేక. ఆమె ఒళ్లు కాలుతున్న వేడి బల్ల మీదుగా నా చేతికి తగులుతోంది.

"ఈడికి," అంటుంది. "సాయంత్రం దాకా ఈడనే కూచున్యా."

"డెంగీ మే అది. ఇంటికి పోయి పడిపోయినాక తెలిసింది మీ అమ్మోళ్లకు. అప్పటికి నెత్తుట్లో ప్లేట్‌లెట్లు పడిపోయి, డాక్టర్లు చేతులెత్తేసినారు. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"ఆస్పత్రిలో పెట్టుకుంటారని భయమైంది. పది దినాలు పోతే నా మెడల్ పోతాదనుకున్యా."

"మెడల్ నీ గోరీ మీద పెట్టుకో."

అన్నాను. అనకూడని మాటే, అయినా అన్నాను, వెనక్కి తీసుకోను. బతికున్నవాళ్లకు కోపం రాకూడదని, పోయినవాళ్లను ఏమీ అనకూడదని పెద్దవాళ్లు చెప్తూనే ఉన్నారు, పోయినామె మంచిదే తల్లీ, దేవుడు తీసుకుపోయినాడు అని. దేవుడు తీసుకుపోలేదు. ఈమెగారే పోయింది, పుస్తకాలు సర్దుకుని, నాకు అబద్ధం చెప్పి.

"నాకేంటికి అబద్ధం చెప్పినావు? అది చెప్పు, నాటకం తర్వాత."

చౌడేశ్వరి చేతులు రుద్దుకోవడం ఆపుతుంది. ఇందాకటి నుంచి రుద్దుకుంటూనే ఉందని నేనప్పుడు గమనిస్తాను. మెల్లగా అంటుంది.

"నీకు చెప్తే నువ్వు నన్ను మోసుకునైనా పోతావని తెల్సు మే."

"పోతుంటి," అంటాను. "మోసుకునైనా పోతుంటి. కొట్టైనా తీసుకుపోతుంటి. అందుకే కదే, ఆ ఒక్క పనీ చెయ్యనీకుండా పోయినావు."

"తప్పే సుంకూ."

తప్పే అంటుంది, అంత తేలికగా. ఆ మాట కోసమే నెల నుంచి పళ్లు కొరుక్కుంటూ తిరిగాను, తీరా వింటే కోపం తగ్గలేదు, దానికి ఇప్పుడు నిలబడే చోటు లేకుండా పోయింది, అంతే. నేను ఏడవను. ఏడిస్తే ఆమె ఓదారుస్తుంది, ఓదార్పు నాకు వద్దు.

"సరే, నీ వంతు చెప్పు. సక్కగా చెప్పు, కాశీ గీశీ లేకుండా."

ఈసారి ఆమె నిజంగానే మొదలుపెడుతుంది. చుట్టూ అరలు లేవు, చీకటి గది, ఎక్కడో ఒక దీపం కదులుతోంది. "రాణి నిద్రలో నడుస్తా ఉంది మే. కండ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఏం కనపడదు. చేతులు కడుక్కుంటాంది, నీళ్లు లేవు, ఊరికే రుద్దుకుంటాంది. పనామె పోయి వైద్యున్ని పిల్చుకొచ్చింది. వైద్యుడొచ్చినాడు. చాటున నిల్చుకుని సూస్తాన్నాడు."

"ఇంగ?" అంటాను. అనుకోకుండా ఆమె మాట నా నోట్లోంచి వస్తుంది.

"వైద్యుడొచ్చినాడు," అని మళ్లీ అదే అంటుంది.

"వచ్చినాడు, విన్నాను. వచ్చి ఏం చేసినాడు? రాణిని బాగు చేసినాడా లేదా?"

చౌడేశ్వరి నుదురు తడుముకుంటుంది. దీపం దూరమవుతోంది, ఆమె దానితో పాటే వెనక్కి పోతోంది, కాళ్లు కదలడం లేదు, అయినా పోతోంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని నా కథ విన్నప్పటి ముఖమే అది, నోరు కొంచెం తెరిచి, కళ్లు పెద్దవి చేసుకుని.

"ఇంగ?" అంటుంది నన్ను.

"నన్నడుగుతావేందే, నాకేం తెల్సు, నీ సగం కదా అది," అని అరుస్తాను, ఆ అరుపుకు నాకే మెలకువ వస్తుంది.

తెల్లవారింది. గదిలో ఎండ ఆమె మంచం మీద సగం దాకా పడి ఉంది, పరుపు చుట్టి పక్కన పెట్టేశారు, ఉత్తి చెక్క మీద న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొట్లం నేను విసిరేసిన చోటే ఉంది. నిన్న చౌడేశ్వరి వాళ్లమ్మ కూతురి బట్టలు తీసుకుపోవడానికి వచ్చి, "ఇది నీ పుస్తకమంట కదా పాపా, ఇంటికొచ్చేటప్పుడు సంచిలో ఏసుకొచ్చింది, జ్వరంలో కూడా ఇడిసిపెట్టలేదు," అని నా చేతిలో పెట్టి పోయింది. ఆ మాటకే నాకు కాలింది. విప్పలేదు, చూడలేదు.

ఇప్పుడు లేచి పోయి పేపరు చింపుతాను. నా సగంలాగే అంచులు చిరిగిన కాగితాలు, మార్జిన్లలో ఆమె పెన్సిల్ గీతలు, పేజీలు తిప్పుతూ పోతే ఒకచోట వేళ్లకు ఏదో తగులుతుంది. మెరూన్ బొట్టు. నిద్రలో నడిచే రాణి కోసం వైద్యుడు వచ్చిన పేజీలో, ఆమె చేతులెట్లా రుద్దుకుంటోందో చూడమని అతను అనే మాట పక్కన, పడుకునే ముందు అంటించినట్టుగా నీటుగా అంటించి ఉంది. ఆ తర్వాత ఒక్క గీత లేదు. కాగితాలు ఎవరూ తిప్పనట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

చదవలేదు. దొంగమొహంది, చివరి దాకా చదవనే లేదు.

నాకు ఆమె మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోను. బొట్టును ఉన్నచోటే ఉంచి, వేలితో కాగితాలు విడదీసి, ఆమె మంచం మీద ఉత్తి చెక్కపైన బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను.

"వైద్యుడొచ్చినాడు కదా," అంటాను ఖాళీ గదిలో, పక్క గది వాళ్లకు వినపడినా సరే అనుకుని. "ఇంగ విను మే," అని గట్టిగా చదవడం మొదలుపెడతాను.