అడగని ప్రార్థన

కాలవ రేవులో నేను మా పాప జాయ్ గుడ్డలు ఉతుకుతుంటే వెనకనుంచి మా అత్తగారు సుందరమ్మ గారి గొంతు వినబడింది.

"అంత గట్టిగా బాదకు ఏంజెలూ. కడుపుతో ఉన్నదానివి, బరువులెత్తకూడదు."

అన్నారే గానీ బకెట్టు మీద చెయ్యి వెయ్యలేదు. నా చేతిలోని గుడ్డ నీళ్ళలోకి జారిపోయింది. ఆ సంగతి నేను ఒక్కరికే చెప్పాను, మా ఊరి ఆశా కార్యకర్త బేబి గారికి. చెప్పానా, అడిగాను. "ఉంచుకోకపోతే ఎక్కడికెళ్ళాలండీ?" అని. ఆవిడ అత్తగారికి పిన్ని కూతురు. నేనడిగింది మింగేసి, కడుపు సంగతి మాత్రం మోసుకొచ్చారు.

ఆదివారం చర్చిలో అత్తగారు కృతజ్ఞత కానుక వేశారు. పాస్టరు అయ్యగారు నా పేరు చదివారు. అందరూ ఆమేన్ అన్నారు. నా పెదవులు కూడా కదిలాయి.

జాయ్‌కి ఇంకా ఏడాది నిండలేదు. ఆపరేషన్ కుట్లు చీము పట్టి రెండోసారి వేశారు. అది పుట్టాక నెలల తరబడి రేవులో కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. గట్టు మీద పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా వినిపించేది కాదు. పాకడం వచ్చాక ఒకరోజు అది నీళ్ళ అంచుదాకా వెళ్ళిపోయింది. ఎవరో కేకేస్తే లేచాను. ఆ రోజు ఇంకా నా లోపలే ఉంది. మళ్ళీ అలా అయిపోతే, కేకేసేవాళ్ళు లేకపోతే? ఈ భయం మా ఆయనకి ఫోన్‌లో చెబితే "ఊరికే ఆలోచించకు" అన్నారు. సెలవు మీద ఖతర్ నుంచి వచ్చినప్పుడు, కడుపు రాకుండా లూపు వేయించుకుంటానంటే "నేనుండేది నెల్లాళ్ళు. దానికి అవన్నీ ఎందుకే?" అన్నారు కూడా ఆయనే.

అమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. గోదావరి దాటితే నరసాపురం, మా పుట్టిల్లు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాన్ చూసి, "నీతో ఎవరొచ్చేరమ్మా?" అన్నారు.

"మా పాపండీ. మా ఆయన రావాలాండీ?"

"అక్కర్లేదు. పెద్దదానివే కదా, నీ ఒప్పుదల చాలు. ఎవరికీ చెప్పం కూడా."

తొలి వారాలే కాబట్టి మాత్రలతో అవుతుందన్నారు. ముందు మాత్ర అక్కడే వేసుకోవాలి, మిగతావి తర్వాత. నొప్పి ఉంటుంది, నెత్తురు పోతుంది. ప్యాడ్లు ఆగకుండా తడిసిపోతుంటే వెంటనే వచ్చెయ్యాలి. మాత్రలు వద్దంటే, వాళ్ళే లోపల శుభ్రం చేసేసే చిన్న పద్ధతి ఇంకోటి ఉంది. ఉంచుకుంటానన్నా జాగ్రత్తగా చూస్తామన్నారు. పదో తరగతి మధ్యలో మానేసిన దాన్ని, అర్థం కాలేదంటే మళ్ళీ మొదటినుంచీ చెప్పారు.

"తొందరేం లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రామ్మా."

"ఇంటికెళ్తే ఆలోచించలేనండీ," అన్నాను. ముందు మాత్ర అక్కడే వేసుకుని అమ్మ దగ్గరికెళ్ళాను.

నొప్పికి మెలికలు తిరిగిన రోజు అమ్మ జాయ్‌ని చంకనేసుకుని నా నడుం రాస్తూ కూర్చుంది. తర్వాత అత్తగారికి ఫోన్ చేసి, "కడుపు నిలవలేదండీ వదినగారూ," అంది. ఆ అబద్ధం నన్ను దుప్పటిలా కప్పింది. మళ్ళీ చూపించుకుని, అంతా సరిగ్గా ఉందన్నాక తిరిగొచ్చాను. గుమ్మంలోనే అత్తగారు, "గట్టిగా బాదకు అంటే విన్నావా?" అన్నారు.

ఆ వారం స్త్రీల కూడిక మా ఇంట్లోనే. నేను టీ పెడుతున్నాను. అత్తగారు లేచి నిలబడ్డారు.

"మా కోడలికి జాగ్రత్త తెలీక కడుపు పోయిందమ్మా. క్రిస్మస్‌కి మా విజయకుమార్ వస్తున్నాడు. ఈసారి మగపిల్లాణ్ణిచ్చి దాని ఒడి నింపమని అందరూ ప్రార్థించండి."

కొంగులు తలల మీదికి వచ్చాయి, కళ్ళు మూసుకున్నాయి. బేబి గారి కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, నా మీద. జాయ్ నా చీర పట్టుకుని నిలబడడానికి చూస్తోంది. టీ పళ్ళెం కింద పెట్టాను.

"పోలేదండీ. నేనే తీయించుకున్నాను," అన్నాను. "ఆయనొచ్చేలోపు లూపు కూడా వేయించుకుంటాను. నాకోసం ప్రార్థన చెయ్యాలంటే ముందు నన్నడగండి."

ఆమేన్ అని ఎవరూ అనలేదు.