ఆడపడుచు ముక్క

తెల్ల పలక మీద రక్తపు నీటి బొట్టు, దాని పక్కనే గులాబీ రంగు మందు బొట్టు వేసి కలిపి, సైకాల్ ఆ పలకను మెల్లగా ఊపింది. పాలు విరిగినట్టు బొట్టు విరిగి గడ్డలు కట్టింది, అంటే జబ్బున్నట్టే. పొద్దుటినుంచీ ఇదే వరస. గొర్రె తరవాత గొర్రెను పట్టి మెడలోంచి రక్తం తీసి తీసి ఆ పశువుల డాక్టరమ్మకు నడుం పడిపోయింది. మోచేతుల దాకా పెంట, ఉన్ని. మందలో సగానికి సార్ప్ జబ్బు.

సార్ప్ వస్తే గొర్రెకు కడుపు జారిపోతుంది. మనిషికి అంటుకుంటే జ్వరమూ కీళ్ళ నొప్పులూ ఏళ్ళ తరబడి వదలవు. గొర్రె తల పట్టుకుని ఒదిగి కూర్చున్న జూరాకన్‌ను చూస్తే ఆ సంగతి పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. ఈ మంద యజమాని ఎర్గెష్‌బాయ్ ఇంట్లో ఆమె జీతానికుండి గొర్రెల్ని ఈనిపిస్తుంది. ముప్ఫై దాటని మనిషి, ముసలమ్మలా లేస్తుంది.

"జ్వరం ఎప్పట్నుంచి?"

"మంచు కరగడం మొదలెట్టినప్పట్నుంచక్కా. పొద్దున బానే ఉంటా. పొద్దుగూకితే వణుకు. చెమటకి పరుపు తడిసిపోద్ది."

"ఆస్పత్రికి పోలేదా?"

"గొర్రె తోక కొవ్వు కరిగించి తాగమన్నాడు ఎర్గెష్‌బాయ్. తాగుతున్నా." జూరాకన్ గొంతు తగ్గించింది. "ఇవ్వాళ మీకోసం కోసింది కూడా మొన్న పిల్లని జార్చుకున్న గొర్రేనక్కా. పేగులు నేనే కడిగా."

ఆమె బొటనవేలి మీద కత్తి గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

ఆదివారం పశువుల సంత. మంద అక్కడికి వెళ్ళాలంటే జబ్బు లేదని సైకాల్ ముద్ర వెయ్యాలి. వేస్తే ఈ గొర్రెలు నాలుగూళ్ళకూ చేరతాయి, కొన్న ప్రతి ఇంట్లోనూ ఒక జూరాకన్ తయారవుతుంది. వెయ్యకపోతే పై అధికారి జుమాదిల్ ఊరుకోడు. ఆమెది ఏటా ఆయన సంతకంతో పొడిగించే ఉద్యోగం.

ఆ జుమాదిల్ ఇప్పుడు ఎర్గెష్‌బాయ్ ఇంట్లో, గుమ్మానికెదురుగా, పెద్దలు కూర్చునే చోట కూర్చుని తుంటి ఎముక చీకుతున్నాడు. పోయిన వారమే ప్రభుత్వోద్యోగుల నీతి నిజాయితీల మీద జరిగిన శిక్షణలో దంచి ఉపన్యాసమిచ్చి వచ్చాడు. వాళ్ళిచ్చిన బిళ్ళ కోటుకు ఇంకా వేలాడుతోంది. దాని మీద కొవ్వు చుక్క పడినా చూసుకోలేదు. విందులో మిగిలింది అతిథికి మూటగట్టి పంపడం ఇక్కడి మర్యాద. ఆయన మోకాలి పక్కన మూట అప్పుడే సిద్ధంగా ఉంది. అందులో ఉన్నది మాంసమొక్కటే కాదని గదిలో అందరికీ తెలుసు, ఎవరూ దాని వంక చూడరు.

"రా తల్లీ, రా. పొద్దున్నుంచీ ఎండలో మాడిపోయావ్," అంటూ ఎర్గెష్‌బాయ్ స్వయంగా ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు. కూర్చోబెట్టి, పళ్ళెంలో ఒక ముక్క పెట్టాడు. "తోక మొదలు. ఇది ఇంటి ఆడపడుచుకే పెడతాం, తెలుసుగా? ఇవ్వాళ్టినుంచి నువ్వు మా పిల్లవి."

విందుకొచ్చిన ఊరి ముసలాళ్ళు తలలూపారు. సైకాల్ ఆ ముక్క వంక చూసింది. డబ్బిస్తే మొహాన విసిరికొట్టొచ్చు. ఇదెలా విసురుతుంది? ఆడపడుచని పిలిచి పెట్టాక, పుట్టింటి మందకు చెడ్డపేరు తెచ్చే పిల్ల ఎక్కడుంటుంది? ఎంత శుభ్రంగా నోరు కట్టేశాడు!

"మందలో సార్ప్ ఉంది బాబాయ్."

"ఎవరి మందలో లేదమ్మా?" ఎర్గెష్‌బాయ్ హాయిగా నవ్వాడు.

"సంతయ్యాక మళ్ళీ చూద్దాంలే," అన్నాడు జుమాదిల్, నోట్లో ముక్క నములుతూనే. "ముందు తిను. చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది."

"పొద్దున్నుంచీ గడ్డలే చూస్తున్నా సార్. పలక మీద."

ఆయన చెయ్యి ఆగింది. "చూడమ్మాయ్, నలుగురిలో బతకాలి. పెట్టిన చేతిని గౌరవించాలి. శిక్షణలో నేను చెప్పిందీ అదే. ప్రజల ఆచారాల్ని కించపరచకూడదని."

అంత మాట ఎముక చేతిలో ఉండగానే అనగలిగాడు. అప్పుడే జూరాకన్ చారు గిన్నెలతో లోపలికొచ్చింది. వాచిన వేళ్ళకు పట్టు దొరక్క చారు తొణికింది.

"మరి ఈమె ఎవరింటి ఆడపడుచు బాబాయ్?"

"అదా? జీతానికుంది. నెలకో బస్తా పిండి, పన్నెండు వేల సోమ్‌ల జీతం పారేస్తున్నా. ఏం తక్కువ చేశానని?"

సైకాల్ పళ్ళేన్ని పక్కకు జరిపి లేచింది.

"అదేంటి! కనీసం రొట్టె తుంచు. రొట్టె ముట్టకుండా మా గడప దాటినవాళ్ళు లేరు. పగవాడైనా సరే!"

నిజమే. రొట్టె తునకైనా నోట్లో వేసుకోకుండా ఎవరింటినుంచీ రాకూడదని ఆమెకు మాటలతో పాటే నేర్పారు. ఆమె జన్మలో ఆ తప్పు చెయ్యలేదు.

"నేను దాటుతున్నా బాబాయ్," అని బయటికొచ్చేసింది.

జీపులోంచి ఎర్ర రంగు డబ్బా, కుంచె తీసి, దొడ్డిలో గోడవారన కట్టేసిన రోగపు గొర్రెల నుదుళ్ళ మీద, కొనేవాళ్ళకు తెలిసేలా, ఒక్కొక్క గీత గీయసాగింది. నాలుగు గీసిందో లేదో, సంత కోసం మాట్లాడిన లారీ వాకిట్లోకి వచ్చి ఆగింది. ఎర్గెష్‌బాయ్ గుమ్మంలోకి వచ్చాడు. వెనకాలే మూట చంకన పెట్టుకుని జుమాదిల్.

"ఇవ్వాళ్టితో నీ ఉద్యోగం సరి," అన్నాడు జుమాదిల్, మూతి తుడుచుకుంటూ. "ముద్ర సంగతి నేను చూసుకుంటా. ఎక్కించండి."

"జూరాకన్! దొడ్డి తలుపు తియ్!"

జూరాకన్ గిన్నెలు కింద పెట్టి, బయటికొచ్చి దొడ్డి దగ్గరికి నడిచింది. సైకాల్ కుంచె పట్టుకుని నిలబడిపోయింది. ఆ లారీని ఆపే బలం తనకు లేదు. జూరాకన్ వాచిన వేళ్ళు గొళ్ళెం మీద పడ్డాయి.

"చెవుడా? తియ్యవే!"

జూరాకన్ యజమాని వంక చూసింది, ఎర్ర గీతల గొర్రెల వంక చూసింది.

"చేతులు నొప్పిగా ఉన్నాయండీ," అంది.

గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంది. తియ్యలేదు.