గదిలో అయ్య

మా మామా, అంటే ఇక్కడి మాటలో ఇంటి యజమానురాలు, మంచిదే కాని, ఆవిడకి పాము ముద్దు. నేను కోనసీమ వాణ్ణి, పాము కనబడితే కర్ర వెతుక్కునే రకం. అలాంటివాణ్ణి కువైట్‌లో, ఫింటాస్‌లో ఆవిడ కారు తోలుతూ, ఆవిడ పెంచుకునే జానెడు ఎడారి పాముకి దుకాణం నుంచి ఎలకపిల్లల్ని మోసుకొస్తున్నాను. రాత అంటే ఇదే.

ఎడారిలో గుడారం వేసుకున్నప్పుడు ఆవిడ కొడుకు దాన్ని పట్టుకొచ్చాడట. కొడుకు చదువుకి వెళ్లిపోయాడు, పాము మిగిలింది. మేడ మీద చివరి గదిలో గాజు పెట్టె, దాన్నిండా ఇసుక, పైన ఎర్ర బల్బు. ఎవరూ మూత తియ్యకుండా గదికి తాళం. అరబ్బీలో పాముని హయ్యా అంటారు. మామా దానికి వేరే పేరు పెట్టలేదు.

గంగాదేవి పనికి కొత్తగా వచ్చింది. రాయచోటి వైపు మనిషి. ముందు చేసిన ఇంట్లో కుదరక ఏజెంటు ఆఫీసుకి తిరిగొచ్చేస్తే, మామా తెచ్చుకుంది. ఇక్కడా కుదరకపోతే నేరుగా ఊరికే పంపేస్తామన్నారు ఆఫీసువాళ్లు. పని చక్కగా చేసేది. తన గది తలుపు మాత్రం పడుకునేటప్పుడు కూడా మూసేది కాదు. "దొంగలకి భోజనాలు పెడతావా చెల్లెమ్మా" అని ఆటపట్టిస్తే తల వంచుకుని పోయేది.

మామా మొదటిరోజే ఆ పై గది చూపించి, "హయ్యా నాయిమ్" అని, తలుపు తియ్యొద్దని సైగ చేసిందట. నాయిమ్ అంటే నిద్ర అని గంగాదేవికి తెలుసు. నేనేమో సరదాకి మామాకి అమ్మ, అక్క అంటూ నాలుగు తెలుగు ముక్కలు నేర్పి ఉన్నాను. అందుకని ఇదీ తెలుగే అనుకుంది.

ఒకరోజు వంటింట్లో నన్ను పట్టుకుంది.

"అన్నా, పైన అయ్యకి తిండి పెట్టరా?"

నాకు హయ్యకి అనే వినపడింది. వాళ్ల యాసలో 'హ' మింగేసిందనుకున్నాను.

"వారానికోసారి పెడితే చాలమ్మా. ఎక్కువైతే అరగదు."

"ఈ ఎండల్లో ఏసీ గూడా ఎయ్యరే?"

"ఏసీ పడదు. ఆ ఎర్ర బల్బు చాలు."

నువ్వసలు మనిషివేనా అన్నట్టు చూసింది నన్ను. పాము మీద ఇంత జాలేమిటో అని నేను నవ్వుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మామా భోంచేసి కునుకు తీస్తోంది. పైన కంచం పడ్డ చప్పుడైతే పరిగెత్తాను. గది తలుపు తీసి ఉంది, మామా తలగడ దగ్గరుండే తాళంచెవి తాళానికే వేలాడుతోంది. నేల మీద మెత్తగా పిసికిన చారన్నం. గంగాదేవి గాజు పెట్టె ముందు నిలబడి ఉంది. ఇసుకలోంచి చిన్న తల, తల పైన రెండు కళ్లు, ఆమెనే చూస్తున్నాయి.

"అయ్య ఏడన్నా?" అంది. "ఆ ముసలాయన్ని ఏం చేసినారు?"

"ఏ ముసలాయన? హయ్యా ఇదేగా."

హయ్యా ఈమె చెవికి అయ్య అయిందని అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ ఈవిడ ఇక్కడో ముసలాయన్ని ఊహించుకుని, ఆయన ఆకలికి కుమిలిపోయిందన్నమాట.

మామా వచ్చేసింది. తీసి ఉన్న తాళం చూసి మండిపడింది, ఆఫీసుకి పంపేస్తానంది. నేను కాళ్లావేళ్లా పడి, అయ్యా హయ్యాల గొడవంతా అరబ్బీలో విడమర్చి చెప్పాను. మామా ముందు పకపకా నవ్వింది. తరువాత ఆవిడ ముఖం మాడిపోయింది.

"మమ్మల్ని అలాంటివాళ్లం అనుకుందా? బతికున్న మనిషిని గదిలో పెట్టి తాళం వేసి, ఎవరైనా మాడుస్తారా? అడుగు."

అడిగాను. గంగాదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"యాల మాడ్చరు? ముందరింట్లో నన్ను మాడ్చినారు గదన్నా. తలుపు కొట్టి కొట్టి చేతులు వాచినాయి. అందుకే ఆ తాళం చూస్తే నాకు ముద్ద దిగల్యా."

రాత్రుళ్లు కూడా తెరిచి ఉంచే ఆమె గది తలుపు గుర్తొచ్చింది. మామాకి చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాళం తీసి తన జేబులో వేసుకుంది, తలుపు బార్లా తెరిచే ఉంచింది. ఆఫీసు మాట మళ్లీ ఎత్తలేదు.

గంగాదేవి కింద పడ్డ మెతుకులు ఏరుతూ, పెట్టె వైపు చూసి నెమ్మదిగా అంది.

"దీనికి వారానికోసారన్నా పెడతాండారు."

ఏమందని మామా అడిగింది. నేను కూర్చుని గంగాదేవితో పాటు మెతుకులు ఏరాను.