ఒకే తేదీ

చెన్నకేశవులు ఎర్ర పెన్సిలు మొనను వేలితో తడిమి చూసుకుని, మూడో పేజీ మీదికి వంగాడు. బక్కపలచటి మనిషి. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారి ఉంటాయి. బయట రెండువేల సంవత్సరపు ఏప్రిల్ ఎండ మండుతున్నా, మాదాపూర్‌లోని ఆ కొత్త ఆఫీసు ఏసీ చలికి మెడకు మఫ్లరు చుట్టుకుంటాడు.

ముప్పై ఏళ్ళు సుల్తాన్‌బజార్‌లోని ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. అది మూతపడ్డాక ఇక్కడ చేరాడు. పరాయి దేశాల నుంచి వచ్చే పాత కాగితాలను ఇక్కడి ఆడపిల్లలు, మగపిల్లలు కంప్యూటర్లలోకి ఎక్కిస్తారు. అందులో తప్పులు పట్టడం ఆయన పని. అనుమానించడమే ఆయన కొలువు. ఇంట్లోనూ అంతే. భార్య కనకమ్మ గుడికి పోయి వస్తే "గింతసేపేంది?" అంటాడు. ఆమె జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఒకప్పుడు ఓటర్ల జాబితాలో అసలు ప్రతి చూడకుండా నలభై పేర్లకు ఒకే వయసు పేర్చిన మునిస్వామి అనే కంపోజిటరును ఆయనే పట్టుకున్నాడు. ప్రెస్సు యజమాని అందరి ముందూ భుజం తట్టాడు. మళ్ళీ ఎవరూ ఆ భుజం తట్టలేదు.

ఇవాళ్టి జాబితా కెనడా సైనికులది. పేరు, ఊరు, వయసు, చనిపోయిన తేదీ. తేదీల వరుసలో పెన్సిలు ఆగింది. ఆరు, జూన్, 1944. కిందా అదే. ఆ కిందా అదే. నాలుగు పేజీలు తిప్పినా అదే తేదీ. ఆయన గుండె చిన్నగా ఎగిరింది. దొరికింది!

ఎక్కించింది భ్రమరాంబ. పుప్పాలగూడ పిల్ల, కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆయన ఆ కాగితాలు పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది? ఒక్కటే తేదీ గుద్దుకుంట పోయినవ్?"

"కార్డుల మీద అట్లనే ఉన్నది సార్. అందరు ఒక్కదినమే పోయిండ్రు."

"ఒక్కదినం ఇంతమంది ఎట్ల పోతరు?"

"కార్డుల కట్ట ఈడనే ఉన్నది. చూస్కోండ్రి."

ఆయన కట్ట వైపు చూడలేదు. ఇలా ధీమాగా మాట్లాడేవాళ్ళను ఆయన చాలామందిని చూశాడు. తన బల్ల దగ్గరికి వచ్చి ఆమె చదవకుండా ఒకే తేదీ కొట్టిందని మేనేజరు ఓంకార్‌కు నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు, పని పోగొట్టుకున్న భ్రమరాంబ సంచి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఓంకార్ కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "మొత్తం మీరే సరిచూడుండ్రి సార్. పొద్దుగూకేలోపల పంపాలె."

చెన్నకేశవులు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. మొదటి కార్డు: ఆరు, జూన్. రెండోది అదే. పదోది, ఇరవయ్యోది, యాభయ్యోది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. తప్పు దొరకాలని ఆయన వెతుకుతూనే ఉన్నాడు. కట్ట అడుగున ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి వచ్చింది. కూడబలుక్కుంటూ చదివాడు.

రెండో ప్రపంచ యుద్ధం, ఫ్రాన్సు సముద్రతీరం. పడవల తలుపులు తెరుచుకున్నాయి. గుండెలోతు నీళ్ళు. ఎదురుగా సిమెంటు గోడల వెనక జర్మన్ల మరతుపాకులు. కొన్ని దళాల్లో సగంమంది ఇసుక మీదే పడిపోయారు. మిగిలినవాళ్ళు గోడ దాటి ఊళ్ళలోకి చొచ్చుకుపోయారు. ఆ ఒక్కరోజే మూడు వందల యాభై మందికి పైగా కెనడావాళ్ళు చనిపోయారు. ఆ ఏడాదికి తనకు రెండేళ్ళు.

లేచాడు. కంప్యూటర్ల గదిలోకి దుమ్ము రాకుండా చెప్పులు గుమ్మం బయటే విడవాలి. వాటిని వేసుకోవడం కూడా మరచి, వట్టి కాళ్ళతో కంకర మీద పరుగులాంటి నడక నడిచాడు. ఎదురుగా గుట్టను పేల్చి రాళ్ళు తీస్తున్నారు. బస్సు గంటకొకటి కావడంతో భ్రమరాంబ ఇంకా రోడ్డు పక్కనే నిలబడి ఉంది.

"తప్పు నాదే బిడ్డా. రా, ఓంకార్‌కు నేను చెప్త."

ఆమె ఆయన కాళ్ళు చూసింది. తర్వాత ముఖం చూసింది.

"ఒక్కొక్క పేరు సదివి ఎక్కించిన సార్. పందొమ్మిదేండ్ల పోరగాండ్లు ఉన్నరు అండ్ల. మీరు సదవకుండనే రాసిచ్చిన్రు."

"ఇగ అట్ల రాయను."

"రాస్తరు సార్. రేపు ఇంకోటి కనబడ్తది మీకు."

కోపంగా అనలేదు. వచ్చిన బస్సెక్కి, అవతలి వైపు సీట్లో కూర్చుంది. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

ఆఫీసుకు తిరిగొచ్చి తప్పు తనదేనని చెప్తే, ఓంకార్ తల అడ్డంగా ఊపాడు. "రేపటికి ఇంకొకరిని పిలిచిన సార్. మీరే కద రాసిచ్చింది."

చెన్నకేశవులు కిటికీ పక్క, భ్రమరాంబ కుర్చీలో కూర్చున్నాడు. అరికాళ్ళు మండుతున్నాయి. బల్ల మీద, తర్వాతి కట్టలోంచి ఆమె ఎక్కిస్తూ వదిలేసిన కార్డు ఉంది. కెనడాలోని విన్నిపెగ్ ఊరి కుర్రవాడు, ఇరవై ఏళ్ళు. కన్ను కింది వరుసలోకి జారకుండా ఆమె పెట్టుకున్న స్టీలు స్కేలు అతని పేరు కింద, వెంట్రుకవాసి వంకర లేకుండా, అలాగే ఉంది.