మొదటి మూడు బల్బులు

ల్యాబులో అతన్ని అందరూ గుంజుడు అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఇరవై రెండేళ్లుగా అతని పని గుంజడమే మరి. సెలవులొస్తే జనం ఇళ్లకూ దుకాణాలకూ కట్టుకునే లైట్ల దండలు మార్కెట్లోకి పోయేముందు అతని బల్ల మీదికి వస్తాయి. దండకు మూడు కిలోల ఇనప గుండు వేలాడదీసి నిమిషంసేపు చూస్తాడు. బల్బు హోల్డరులోంచి వైరు జారిందా, సరుకు వెనక్కి. జారలేదా, ఆ రకం డబ్బాలన్నిటి మీదా గుండ్రటి ముద్ర పడుతుంది. ముద్ర కింద పరీక్షించినవాడి నంబరు. అతనిది పదిహేడు.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. కుర్చీలో కూర్చునే ముందు దాని కాలు పట్టి ఊపుతాడు. కొత్త చొక్కా తెస్తే ముందు బొత్తాలు గుంజుతాడు. తనొక్కదాన్నే గుంజి చూడకుండా కట్టుకున్నాడని భార్య నలుగురిలో వెక్కిరిస్తుంది. అతను నవ్వడు, కాదనడు. మాటకు పిసినారి. సంతోషమొస్తే ఒక మాట, కోపమొస్తే అదీ లేదు.

భార్య పసిపిల్లల కేంద్రంలో ఆయా. అమ్మానాన్నలు పనికి పోతూ దింపి వెళ్లే పిల్లలు పాతికమంది అక్కడ. సెలవులకు మూసే రోజు సాయంత్రం చిన్న వేడుక చేస్తారు. అలంకరణ సామాను కొనే పని ఈసారి ఆమెకు అప్పజెప్పారు. నాలుగు డబ్బాల లైట్లు తెచ్చింది. ఆ పొద్దున, నిచ్చెన ఎక్కడానికి మొగుణ్ని వెంటబెట్టుకుపోయి, డబ్బా తిప్పి ముద్ర చూపించింది.

"దుకాణంలో పది రకాలున్నాయి. పదిహేడు కనపడేదాకా వెతికాను" అంది.

అతను ముద్ర మీద బొటనవేలితో ఒకసారి రుద్దాడు. నిచ్చెన రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు. ప్లగ్గు పక్క బల్బును అలవాటుగా గుంజాడు. గట్టిగా ఉంది. కిటికీ మేకుకు కట్టడం మొదలుపెట్టాడు.

ఆ కేంద్రంలో ఏడాదిన్నర పిల్ల ఒకతె ఉంది. అందిందల్లా లాగడమే దాని పని. కర్టెను, ఆయాల కొంగులు, పక్కపిల్ల జుట్టు, ఏదీ వదలదు. అది తన మొగుడి ఉద్యోగానికి వారసురాలని భార్య అంటుంటుంది. ఆ పిల్ల దొర్లుకుంటూ వచ్చి, నేలదాకా వేలాడుతున్న దండ కొస పట్టుకుని లాగింది. తడి నేలలోంచి వేరుశనగ మొక్క వచ్చినట్టు బల్బు ఊడి దాని గుప్పిట్లోకి వచ్చింది. వైరు కొసన రెండు రాగి తీగలు బోసిగా మెరిశాయి. ప్లగ్గు ఇంకా పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

అతను దిగి, నోటిదాకా పోయిన బల్బును పిల్ల చేతిలోంచి తీసుకున్నాడు. పక్కదాన్ని తను గుంజాడు. వచ్చింది. దాని పక్కది. అదీ వచ్చింది. దండను డబ్బాలో కుక్కి చంకన పెట్టుకున్నాడు. ఏమైందని భార్య అడిగితే "ల్యాబుకి" అని మాత్రం అని గుమ్మం దాటాడు.

బస్సులో కూర్చోలేక నిలబడే వెళ్లాడు. ఏం జరిగిందో అతనికి చదివినట్టే తెలుసు. విత్తనాల కొట్టులో అరచేతిలో పోసి చూపించే గింజలు వేరు, బస్తాలో కట్టేవి వేరు. లైట్ల కంపెనీవాళ్లు పరీక్షకు మంచి దండలు పంపి, ముద్ర పడ్డాక ఈ చెత్త అమ్ముతున్నారు. అదీ తన నంబరు పెట్టుకుని. ఆ కంపెనీ మేనేజరు ఎదురుపడితే ఈ వైరుతోనే కట్టేసి గుండు వేలాడదీయాలనుకున్నాడు.

ల్యాబు పెద్దసారు తన అద్దాల గదిలో ఉన్నాడు. విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తమకిచ్చిన నమూనా పాసైందని, దుకాణంలో ఏం అమ్ముకుంటున్నారో చూడ్డం తమ పని కాదని, పరీక్ష రిపోర్టు అడుగున ఆ మాట అచ్చేసే ఉందని నెమ్మదిగా చెప్పాడు.

"ఆ అక్షరాలు చీమకి కూడా కళ్లజోడు పెడితే గానీ కనపడవు సార్" అన్నాడు గుంజుడు.

అతని నోట అంత పొడుగు మాట విని బయట బల్లల దగ్గరవాళ్లు తలలెత్తారు.

పరీక్షించిన ప్రతి దండకూ జోడుదాన్ని ఒకదాన్ని సీలు వేసి ఇనప బీరువాలో ఏడాది దాచడం ల్యాబు పద్ధతి. గుంజుడు ఆ దండ తెచ్చి, పెద్దసారు కళ్లెదుటే సీలు కోశాడు. మంచి నమూనాకూ దుకాణం సరుకుకూ తేడా ఇప్పుడు బయటపడుతుంది. ప్లగ్గు పక్క మొదటి బల్బుకు గుండు తగిలించాడు. నిమిషం. కదల్లేదు. రెండోది కదల్లేదు. మూడోదీ అంతే.

"చూశారా సార్, ఇది అసలు సరుకు" అని, నిరూపించడానికి ఇంకొకటి చాలనుకుని, నాలుగోదానికి తగిలించాడు.

గుండు దబ్బున నేల మీద పడింది.

ఐదోది పడింది. ఆరోది గుండు దాకా పోలేదు, వేళ్లకే వచ్చేసింది. స్క్రూడ్రైవరుతో మొదటి హోల్డరు విప్పాడు. లోపల వైరుకు చక్కటి ముడి, బిగుతుగా, శ్రద్ధగా వేసింది. నాలుగోది విప్పాడు. ముడి లేదు. వైరును లోపలికి దూర్చి బంక చుక్క పెట్టారు, అంతే. పొద్దున తెచ్చిన దండ కూడా విప్పాడు. అదే వరస. మూడు ముడులు, తర్వాత బంక.

నమూనా వేరు కాదు, సరుకు వేరు కాదు. ఇలాంటి దండే తన చేతుల్లోంచి పాసై పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో, సరుకు రెండుసార్లు ఫెయిలయ్యాక, ఆ మేనేజరు వచ్చి ఈ బల్ల పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నా, ఎక్కడ తప్పుతున్నామో నువ్వే చెప్పాలి అన్నాడు. ఇరవై రెండేళ్లలో అతని పని గురించి అలా అడిగిన మనిషి లేడు. మాటకు పిసినారి ఆ పూట దానకర్ణుడయ్యాడు. అరగంట మాట్లాడాడు. ప్లగ్గు దగ్గర్నించి మొదటి మూడు గుంజుతామని, హోల్డరు లోపల ముడి వేస్తే గుండు కాదు, ఏనుగు వేలాడినా రాదని చెప్పాడు. తను చేత్తో ముడి వేసి కూడా చూపించాడు. మేనేజరు చిన్న పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. మూడంటే మూడే.

రూలు పుస్తకంలో మొదటి మూడని లేదు. ఏవైనా మూడని ఉంది. గోడ కొక్కేనికి ప్లగ్గు తగిలిస్తే ఒంగకుండా గుండు తగిలించగలిగేది మొదటి మూడింటికే. ఒంగడం బద్ధకమై ఎప్పుడో మొదలైంది, అదే పద్ధతైపోయింది.

పెద్దసారు మొహం తేటపడింది. "ఇంకేం, మోసం లేదు. ఏవైనా మూడన్నారు, నువ్వు మూడు గుంజావు. దాన్నలా వదిలెయ్."

గుంజుడు సొరుగు లాగి, ముద్ర వెనక్కి తీసుకునే ఎర్ర కాగితం బయటపెట్టాడు. ఆ కాగితం అతను ఎప్పుడూ వాడలేదు. పెద్దసారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇది రాస్తే పదిహేడు పోతుందన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ నంబరు మీద పోయిన సరుకంతా ఎలా గుంజావని అడుగుతారన్నాడు.

"అడగాలి సార్. ఇన్నాళ్లూ ఎవరూ అడగకపోబట్టే ఇలా తగలడింది."

తప్పు ఎక్కడ అన్న గడిలో 'పరీక్షలో' అని రాశాడు. సంతకం పెట్టాడు. సరుకు ఇప్పుడు ఎక్కడుంది అన్న గడి దగ్గర కలం ఆగింది. నాలుగు డబ్బాలు. తను తెచ్చింది ఒకటి. కట్టొద్దని ఒక్క ముక్క చెప్పకుండా వచ్చేశాడు.

భార్యకు ఫోను చేశాడు. పిల్లలున్నంతసేపు ఆయాల ఫోన్లు బీరువాలోనే ఉంటాయి. కేంద్రం ఆఫీసు నంబరు అస్తమానం ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. కాగితం పెద్దసారు చేతిలో పెట్టి పరిగెత్తాడు.

అతను చేరేసరికి కేంద్రంలో లైట్లు వెలుగుతున్నాయి. ఎరుపూ పచ్చా, కిటికీల చుట్టూ, చిన్న మంచాల కమ్మీల చుట్టూ. ఒక డబ్బా పాడైతే మొగుడు మార్చి తేవడానికి పోయాడనుకుని, మిగతా మూడూ భార్యే కట్టింది. లాగుడు పిల్ల మంచంలో నిలబడి, కమ్మీ మీది వైరును రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలుతోంది.

అతను పిల్ల వైపు పోలేదు. గోడ వైపు దూకి ప్లగ్గు పీకాడు.

గది చప్పబడింది. ఏదో కిటుక్కుమంది. పిల్ల బల్బుతో సహా పరుపు మీద వెల్లకిలా పడి, దీపాలు పోయినందుకు ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. మిగతా పిల్లలు వంత పాడారు.

భార్య పిల్లను ఎత్తుకుని ఒళ్లంతా తడిమి చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"పొద్దునే తెలుసా మీకు?"

"తెలుసు."

"నోరు లేదా? ఊడిన బల్బు కూడా కిటుక్కుమంది, ఆపాటి గొంతుక లేదా మీకు?"

అతను తలొంచుకుని మిగతా ప్లగ్గులు కూడా పీకాడు. దండలు విప్పి గది మధ్యలో పోశాడు. అప్పుడు చెప్పాడు. మేనేజరు సంగతి, ముడి సంగతి, మొదటి మూడు సంగతి, ఎర్ర కాగితం సంగతి, ఒక్కటీ దాచకుండా.

విని, పిల్లను ఇంకో ఆయాకు అందించి, అతని ఎదుట నేల మీద కూర్చుంది. దండ కొస చేతికి తీసుకుని ఒక బల్బు గుంజింది. ఊడింది. అతని అరచేయి లాగి అందులో పెట్టింది. ఇంకోటి గుంజి పెట్టింది. ఇంకోటి. "ఇది మీదే. ఇదీ మీదే." అరచేయి నిండాక ఒళ్లో వేసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చివరికి ప్లగ్గు దగ్గర మూడు మిగిలాయి. ఆమె ఒక కాలు వైరు మీద వేసి తొక్కిపట్టి, పళ్లు బిగించి, రెండు చేతులా లాగింది. వేళ్లు ఎర్రగా కోసుకుపోయాయి.

ఆ మూడూ రాలేదు.