ఎర్రబడని తాళ్ళు

ఆఫీసులో ఆమెను అందరూ తేదీలమ్మ అనేవారు. ఎవరు ఎగతాళికి మొదలుపెట్టారో గానీ, చివరికి జీతం కవరు మీద కూడా అదే పేరు పడింది. ఊళ్ళో నూటపదకొండు లిఫ్టుల బాగోగులు ఆ సంస్థవే. ఏ లిఫ్టుకు నూనె ఎప్పుడు వేశారో, ఏ తలుపు ఎప్పుడు మొరాయించిందో, ఏ తాళ్ళకు గడువు ఎప్పుడు తీరుతుందో అన్నీ ఆమె కంప్యూటర్లోనే ఉంటాయి. ఆ డేటాబేస్ ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, లావుపాటి పుస్తకం ఒకటి ముందేసుకుని, మూడు నెలలు కుస్తీ పట్టి కట్టింది.

అందులో మూడు పట్టికలున్నాయి. ఒకదానిలో లిఫ్టులు, ఒకదానిలో వాటికి ఉక్కు తాళ్ళు బిగించిన తేదీలు, మూడోదానిలో మెకానిక్కులు నూనె వేసి వచ్చిన తేదీలు. మూడింటినీ లిఫ్టు నంబరు ముడివేస్తుంది. తాళ్ళ ఆయుష్షు ఐదేళ్ళు కాబట్టి బిగించిన తేదీకి ఐదేళ్ళు కలిపితే గడువు వస్తుంది. గడువు దాటితే తెర మీద ఎరుపు, లేకపోతే పచ్చ. యజమానికి అంకెలు చూస్తే తలనొప్పి. "నాకు రంగు చెప్పమ్మా, చాలు" అనేవాడు. అందుకే మెకానిక్కులకిచ్చే చీటీ మీదా, లిఫ్టు పక్కన గోడకు అంటించే చీటీ మీదా తేదీ ఉండదు, రంగే ఉంటుంది.

ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఎరుపు రాలేదు. ఏడేళ్ళపాటు ఏ తాడూ ముసలిది కాలేదంటే ఎవరైనా ముక్కు మీద వేలేసుకోవాలి. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ రోజు పొద్దున ఇంట్లో, ఆ సంస్థలోనే మెకానిక్కుగా చేసే అన్నయ్య పనిముట్ల పెట్టె సర్దుకుంటూ, "బట్టల గోదాములో బరువు పరీక్ష ఉంది. పచ్చే కదా?" అని అడిగాడు.

"పచ్చే. ఫోను కింద పెట్టెలోనే వదిలి ఎక్కు, పైన మోగితే ధ్యాస చెదురుతుంది."

"ఒట్టు వేయించుకున్నావుగా, ఇంకా రోజూ చెప్పాలా తల్లీ!"

మూల కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన మాట్లాడటం తగ్గించి మూడేళ్ళయింది. అంతకుముందు ఆయనా అదే సంస్థలో మెకానిక్కు. పాత పద్ధతి మనిషి. పాత గుడ్డ ఒకటి చేత్తో పట్టుకుని తాడు పొడవునా మెల్లగా లాగేవాడు. తెగిన తీగ ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. చీటీలు వచ్చాక యజమాని, "రంగు చూసుకుని వచ్చెయ్యండి, గుడ్డ పట్టుకుని గంటలు తినకండి" అన్నాడు. మిగతావాళ్ళకు పని తేలికైంది. నాన్న మాత్రం సణిగాడు. మూడేళ్ళ కిందట ఒక పాత భవనంలో తాళ్ళు తెగి లిఫ్టు రెండంతస్తులు జారింది, దాని కప్పు మీదున్న నాన్న తుంటి విరిగింది. "తాళ్ళు పాతవి" అని ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పాడు. విచారణకు వచ్చినవాళ్ళకు తేదీలమ్మ తన చేత్తోనే చీటీ తీసిచ్చింది. పచ్చగా ఉంది. తాళ్ళు కొత్తవైతే తప్పు వాటిని బిగించిన నాన్నదే అని తేల్చి అందరూ చేతులు దులుపుకున్నారు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు నాన్నా" అని ఆమె కూడా అంది.

పదిన్నరకు ఆఫీసుకు యజమాని ఫోన్ చేశాడు. ఏదో పనిమీద పొరుగూరు వెళ్ళి ఉన్నాడు. ఒక క్లినిక్‌లో నీళ్ళు కారి తుప్పు పట్టాయని కొత్త తాళ్ళు వేయించుకున్నారట, వాళ్ళకు రంగు చాలదట, గడువు తేదీ కాగితం మీద రాసివ్వాలట. తాళ్ళు ఆరు రోజుల కిందట బిగించారు. ఆ తేదీ నమోదు చేసి గడువు చూసింది. ఐదేళ్ళకు పందొమ్మిది రోజులు తక్కువ వచ్చింది.

తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. అంతే వచ్చింది. లెక్క ఎక్కడి నుంచి మొదలవుతోందా అని వెనక్కి వెళ్ళి చూస్తే, పాతిక రోజుల కిందట అన్నయ్య ఆ క్లినిక్‌లో నూనె వేసిన తేదీ కనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట తాళ్ళ పట్టిక ఇంకా ఖాళీ. నాన్న డైరీలోంచి ఆ తేదీలన్నీ ఎక్కించాలి. రంగులు పనిచేస్తున్నాయో లేదో చూద్దామని, తాత్కాలికంగా, లెక్కను నూనె పట్టికకు కలిపింది. సరిగ్గా అప్పుడే యజమాని వచ్చి, తెరంతా పచ్చగా ఉండటం చూసి మురిసిపోయాడు. "అద్భుతం! ఇక దీన్ని ముట్టుకోకు" అన్నాడు. ఆమె కూడా పొంగిపోయింది. తర్వాత తాళ్ళ తేదీలు ఓపిగ్గా ఎక్కించింది గానీ లెక్కను వాటికి మార్చడం మర్చిపోయింది. అప్పటినుంచి నూనె వేసినప్పుడల్లా తాడు వయసు సున్నాకు వచ్చేసింది. నెలనెలా నూనె వేసినంత కాలం అది ఎలా ఎర్రబడుతుంది?

లెక్కను తాళ్ళ పట్టికకు మార్చింది. తెర మీద ఎరుపు ఒక్కో వరుసే కిందికి పాకింది. నలభై నాలుగు. బట్టల గోదాము తాళ్ళ గడువు తీరి మూడేళ్ళ నాలుగు నెలలు.

గోదాములో ఇప్పుడు లిఫ్టు నిండా ఇసుక బస్తాలు వేస్తూ ఉంటారు. మోయాల్సిన దానికన్నా ఎక్కువ వేసి పైదాకా తీసుకెళ్ళి దించడమే పరీక్ష. అన్నయ్య లిఫ్టు కప్పు మీద నిలబడతాడు. మోత వినాలంటే పైనే ఉండాలని నాన్న నేర్పిన విద్య. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పెట్టెలో ఉంది మరి, ఆమె వేయించుకున్న ఒట్టు ప్రకారం. గోదాము నంబరుకు చేసినా ఎవరూ ఎత్తలేదు. యజమానికి చేస్తే, "ఎవరితోనూ అనకు. రేపు నేనొచ్చాక తీరిగ్గా చూద్దాం" అన్నాడు.

"రేపటికి మా అన్నయ్య ఉండాలి కదండీ!" అని ఫోన్ పెట్టేసి, ఎర్రబడిన లిఫ్టుల జాబితా ఫోన్ నంబర్లతో సహా అచ్చు తీసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తింది. ఆటో ఎక్కి గోదాముకు పొమ్మంది.

గోదాము వాచ్‌మన్ ఆమెను చూసి, "ఇప్పుడే పైకి బయల్దేరాడమ్మా" అన్నాడు. తలుపు పైన అంకె మూడు నుంచి నాలుగుకు మారింది. లోపల ఎక్కడో కిర్రుమని చప్పుడైంది. ఆమె ఇనుప తలుపు సందులో నోరు పెట్టి, "అన్నయ్యా! ఆపు! తాళ్ళు పాతవి!" అని గొంతు చించుకుంది.

చప్పుడు ఆగింది. ఎంతసేపని చెప్పను, ఆమెకు మాత్రం ఒక జన్మంత. తర్వాత పైనుంచి, "కదలకుండా ఉండు, మెట్లమీద వస్తున్నా" అని అన్నయ్య గొంతు వినబడింది. దిగి వచ్చినవాడి చేతిలో నెత్తురు మరక ఉంది. ఐదో అంతస్తు తలుపులోంచి బయటికి వస్తూ తాడును ఒకసారి తడిమాడట. అరచెయ్యంతా చీరుకుపోయింది.

"ముళ్ళకంచెలా ఉంది" అన్నాడు. ఆమె మీద కేకలు వేయలేదు. వేసినా బాగుండేది.

ఇల్లు రెండు వీధుల అవతలే. మిగతా లిఫ్టులవాళ్ళకు ఫోన్లు చేయడానికి ఇంకో మనిషి కావాలని అక్కడికే పోయారు. నాన్న ఆమె ముఖం చూసి, చేతిలోని కాగితం చూశాడు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాన్నా, నీ డైరీ తేదీ ప్రకారం నువ్వు పడిన రోజుకు ఆ తాళ్ళ గడువు దాటి నాలుగు వందల ఇరవయ్యారు రోజులు. తప్పు నాది. నీది కాదు."

నాన్న ఆమె చేతిలోని కాగితం అందుకున్నాడు. కళ్ళు తడిశాయి.

"చెప్పానుగా" అన్నాడు. అంతే. తర్వాత చేతికర్ర పక్కన పెట్టి, "ఏడుపు తర్వాత. ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"నలభై మూడు."

"మొదటి నంబరు కొట్టు."

పన్నెండంతస్తుల భవనం. వాచ్‌మన్ ఫోనెత్తాడు. లిఫ్టు వెంటనే ఆపమని, ఎవరినీ ఎక్కనివ్వొద్దని తేదీలమ్మ ఒక్క గుక్కలో చెప్పింది. అవతలివాడు నవ్వాడు.

"భయపెట్టకండి మేడం. మీ చీటీ ఇక్కడే గోడకుంది, పచ్చగా. ఇప్పుడే ఎనిమిది మంది ఎక్కారు."