పదకొండింటి గీతం

ఎనిమిదిన్నరకు ఇంకా నాలుగు నిమిషాలుండగా జకర్యా మైకు గది తాళం తీసి, యాంప్లిఫయరు మీది దుమ్మును భుజం మీది తువాలుతో తుడిచాడు. గది అంటే బస్టాండు గోడకు ఆనించి కట్టిన రేకుల అర, ముందు రెండు మెట్లు. లోపల నిటారుగా నిలబడితే నెత్తికి రేకు తగులుతుంది. ఇల్లందు రోడ్డు, భద్రాచలం వైపు అడవిలోకి పోయే రోడ్డు కలిసే ఆ మండల కేంద్రంలో రోజూ పొద్దున జాతీయగీతం వినిపించాలని పంచాయతీ తీర్మానించి ఆరేళ్లయింది. అంతకుముందు ఇరవై రెండేళ్లు అతను నీళ్ల ట్యాంకు వాల్వులు తిప్పాడు, మురికి కాలువలు తీశాడు. మోకాళ్లు అరిగాక ఈ పని అప్పజెప్పారు.

స్విచ్ వేసి, గబగబా బయటికొచ్చి నిలబడ్డాడు. మెడ వంచి నిలబడి పాట వినడం అతనికి నచ్చదు. ఎదురుగా టీ కొట్టులో మంగ్లి టీ పోస్తున్న గిన్నె చేతిలోనే పట్టుకుని ఆగింది. బస్సు డ్రైవరు ఇంజను ఆపాడు. యాభై రెండు సెకన్లు సెంటరంతా కదలకుండా ఉంటే, అదంతా తానే ఆపినట్టు జకర్యాకు లోపల చిన్న గర్వం. ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. దేశాన్ని ఏలేవాళ్ల కోసం పాస్టరు ప్రార్థన చేసినప్పుడు అందరికంటే గట్టిగా ఆమెన్ అంటాడు. ఈ రెంటినీ అతనెప్పుడూ రెండనుకోలేదు.

ఇవాళ రోడ్డుకు అవతల టెంటు వేస్తున్నారు. ఊరి చివర క్రైస్తవుల సమాధుల దొడ్డి సర్కారు భూమేనని కిందటి నెల సర్వేలో తేల్చి, రాళ్లు పాతారు. దుకాణాల సముదాయం కడతారట. ఇకమీదట అక్కడ ఎవరినీ పాతిపెట్టకూడదని బోర్డు కూడా పెట్టారు. తహసీల్దారు వచ్చి మాట్లాడేదాకా రోడ్డు మీద కూర్చోవాలని చర్చి సంఘం నిర్ణయించింది. "అన్నా, నువ్వు రాకు. నీ నౌకరికి ఇబ్బందైతది" అని జస్టిన్ పాస్టరు ముందే చెప్పాడు. ఆ మాటకు జకర్యా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

పదింటికి డెబ్బై మంది రోడ్డు మీద కూర్చున్నారు. దేశానికి వ్యతిరేకమని ఎవరూ అనకుండా అందరి చేతుల్లో చిన్న చిన్న జెండాలు. అందరికంటే ముందు ఆదెమ్మ, జకర్యా అక్క. తల్లి పోయినప్పుడు అతనికి నాలుగేళ్లు, ఆమెకు పదిహేను. తునికాకు కోతకు తమ్ముణ్ణి చంకనేసుకుని అడవికి పోయేది. ఆగస్టు పదిహేనున బడిలో పిప్పరమెంటు బిళ్లలు పంచుతారని అతన్ని తెల్లారకముందే తయారుచేసి తోలేది. వాళ్లమ్మ ఆ దొడ్డిలోనే ఉంది, వేపచెట్టు పక్కన.

పదకొండవుతుంటే పంచాయతీ ఈవో బాలకృష్ణ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. రెండు వైపులా బస్సులు నిలిచిపోయి ఉన్నాయి.

"జకర్యా, పాట పెట్టు."

"పొద్దున పెట్టిన గద సార్."

"మళ్ల పెట్టు. పాటొస్తే అందరు లేస్తరు. లేసినంక పోలీసులు మెల్లగ పక్కకు జరుపుతరు. లాఠీ పని ఉండదు, ఎవ్వలకు దెబ్బ తాకదు. మీవోళ్లకే మంచిది."

ఈవో గొంతులో గద్దింపు లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. అందులో తప్పెక్కడుందో జకర్యా వెతికాడు. పాట తప్పు కాదు. లేచి నిలబడటం తప్పు కాదు. దెబ్బలు తగలకపోవడం అసలే తప్పు కాదు. అయినా వేలు స్విచ్ మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

డెబ్బై మందీ లేచారు. ఆదెమ్మ అరచేయి రోడ్డుకు ఆనించి, మనవరాలు స్తుతి భుజం పట్టుకుని, అందరి తర్వాత నిలబడింది. చేతిలో జెండా నిలువుగా పట్టుకుంది. మాటలు సరిగా రావు గనుక రానిచోట రాగం తీసింది. బయటికొచ్చి నిలబడ్డ జకర్యా ఆమెనే చూస్తూ పెదాలు కదిపాడు.

పాట ఆగీ ఆగకముందే పోలీసులు తాడు పట్టుకుని నడిచారు. ఎవరినీ కొట్టలేదు. కూర్చోవాలో పోవాలో తెలియక జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కూసోండ్రి, కూసోండ్రి" అని పాస్టరు అరిచేసరికి మధ్యలోకి బస్సు వచ్చేసింది. పది నిమిషాల్లో రోడ్డు ఖాళీ అయింది.

ఆదెమ్మ తనంతట తానే నడిచొచ్చి మైకు గది మెట్టు మీద నీడకు కూర్చుంది. స్తుతి బత్తాయి తెచ్చిచ్చి, నీళ్ల కోసం పోయింది.

"పాట పెట్టింది నువ్వేనారా?"

"అవ్ అక్కా. సారు పెట్టమన్నడు."

"పెట్టకుంటెట్ల, దేశం పాటాయె." జెండా ఉన్న చేత్తోనే బత్తాయి పట్టుకుని తొక్కలోకి గోరు దించింది. "లేవకుంటే తప్పు. లేస్తే గిట్లాయె."

"కోపమొచ్చిందా నా మీద?"

"ఎవలి మీద రావాల్నో సమజైతలేదురా."

జకర్యా లోపలికెళ్లి యాంప్లిఫయరు ఆపి వచ్చాడు. ఆదెమ్మ తల గోడకు ఆనుకుని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి.

"అక్కా" అన్నాడు. మళ్లీ అన్నాడు.

దవాఖానలో డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఎండకు కావచ్చు, వయసుకు కావచ్చు అన్నాడు. ఆమె పిడికిట్లో జెండా అలాగే ఉంది. జకర్యా ఒక్కో వేలూ విప్పి దాన్ని తీశాడు.

"జెండా మట్టిల పెట్టొద్దు, బిడ్డా" అన్నాడు స్తుతితో.

"మరి అమ్మమ్మనేడ పెట్టాలె, తాతా?"

మూడింటికి ఈవోనే ఫోన్ చేశాడు. పైవాళ్లతో మాట్లాడానని, ఈ ఒక్కరోజుకు దొడ్డిలోనే పాతిపెట్టుకోమని, ఎవరూ అడ్డురారని చెప్పాడు. జకర్యా "సరే సార్" అన్నాడు. థాంక్స్ చెప్పాలేమో అనుకున్నాడు. చెప్పలేదు.

సర్వే రాళ్లు దాటి, వేపచెట్టు పక్కన, తల్లికి దగ్గరగా గొయ్యి తీశారు. ప్రార్థన చివర పాస్టరు ఎప్పటిలాగే దేశాన్ని ఏలేవాళ్లకు జ్ఞానమిమ్మని వేడుకున్నాడు. ఆమెన్ అనాలో వద్దో తేల్చుకునేలోపే జకర్యా నోరు అనేసింది. అందరికంటే గట్టిగా.

సందెవేళ సెంటరుకు తిరిగొచ్చాడు. మైకు గదికి తాళం వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. తాళం వేసి దిగబోతూ ఆగాడు. మెట్టు మీద బత్తాయి అలాగే ఉంది, సగం ఒలిచి, తొక్క మీద గోటి గాట్లతో.